నడుం పట్టీలో కాగితం

“మీరు కాక ఇంకెవరు చేస్తారత్తయ్యా ఈ పని!”

దర్జీ పని చేసే కోడలు కూతురి స్కూలు స్కర్టును అత్తగారి ముందు పరిచింది. బిగుతైందంటే వదులు చేద్దామని, సెలవు రోజు కదా అని మిషన్ ముందు కూర్చుంది. నడుం పట్టీలో వేలికేదో గరుకుగా తగిలింది... కాస్త విప్పి లాగితే మడతపెట్టిన కాగితం! దాని మీద అత్తింటివాళ్ల ప్రార్థన!

ఆమెది ఒక మతం, మొగుడిది ఇంకో మతం. పుట్టే బిడ్డకు ఎవరి దేవుణ్నీ నూరిపోయకూడదని, పెద్దయ్యాక తనే ఎంచుకుంటుందని పెళ్లికి ముందే ఒట్టు పెట్టుకున్నారు. షరతు పెట్టింది మొగుడు. పాటించింది మాత్రం ఆడది! లోకంలో ఎక్కడైనా అంతేగా! కన్నతల్లి పోయిన రోజున కూడా, ఒళ్లో పాప ఉందని ప్రార్థనకు పెదవి కదపకుండా ఏడ్చింది... పదేళ్లుగా ఇదే తంతు! నెల రోజులుగా తను గదిలోకి రాగానే పాప మాట మింగేస్తుంటే అప్పుడే అనుకుంది, ఇంట్లో ఏదో నడుస్తోందని.

“నీ ఒట్టు కోసం తలుపేసుకుని దండం పెట్టుకుంటున్నానే, దొంగలా!” అత్తగారు విసురుగా లేచింది. “రవిక హుక్కు ఊడితే నీ దగ్గరికే వస్తానే! సూది బెజ్జం కనపడని దాన్ని, నేనెలా కుడతాను?”

కోడలు పట్టీని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. మిషన్ కుట్టు కాదు, చేతి కుట్టే; అయినా పైనా కిందా ఒకేలా ఉంది. దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, అటొకటి ఇటొకటి లాగిన కుట్టు. బండ్ల సీట్లకు తోలు కుట్టేవాళ్ల కుట్టు! ఈ ఇంట్లో ఆ పని చేసేది ఒక్కడే!

“అత్తయ్యా... తప్పైపోయింది...”

“నీ తప్పు సంగతి తర్వాత. ముందు వాణ్ని రానీ!”

భోజనానికి వచ్చిన మొగుడు స్కర్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“పోయిన నెల పాపకు జ్వరం తగ్గలేదుగా... భయమేసింది.”

“నాకు వేయలేదా? మూడు రోజులు ఆసుపత్రి బెంచీ మీద పళ్లు బిగించి కూర్చున్నానండీ, మీకిచ్చిన మాట కోసం! నాకైతే ఒట్టు, మీకైతే భయమా!”

“నాకు తెలుసమ్మా,” పక్క గదిలోంచి వచ్చింది తొమ్మిదేళ్ల పాప. “నీకు చెప్పొద్దన్నాడు నాన్న.”

ఆమె పాప వైపు తిరిగింది. ఆ కాగితం చేయని గాయం ఆ మాట చేసింది! బిడ్డకు దేవుణ్ని నేర్పకూడదన్న పెద్దమనిషి, తల్లి దగ్గర దాచడం నేర్పాడు!

“మిగతాది మీరే విప్పండి, పాప ఎదురుగా. ఎందుకు దాచమన్నారో అదీ మీరే చెప్పండి.”

అతను నేల మీద కూర్చుని ఒక్కో కుట్టూ తెంపాడు. “మీ అమ్మను మోసం చేశాను తల్లీ... నీచేత కూడా చేయించాను...”

పాప కాసేపు కాగితాన్ని చూసింది. తర్వాత తల్లి పక్కకు జరిగింది.

“ఇది నానమ్మావాళ్లది. మరి నీది చెప్పమ్మా!”

పదేళ్లుగా ఎవరూ అడగని మాట! మొగుడు తలెత్తకుండానే “చెప్పు” అన్నాడు. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుని దగ్గరగా వచ్చి కూర్చుంది.

ఆమె గొంతు సవరించుకుని మొదటి పాదం చెప్పింది. పాప బుద్ధిగా తిరిగి పలికింది. రెండో పాదానికి ఆమె నోరు తెరిచింది... ఎంత వెతికినా అది గుర్తుకు రాలేదు.

“తర్వాతమ్మా?” అంటోంది పాప.