తెర మీద మచ్చ

వరహాలమ్మ ల్యాప్‌టాప్ తెరను చీరకొంగుతో మళ్ళీ తుడిచింది. వీడియోకాల్లో కూతురు మాలిని నవ్వుతూనే ఉంది. ఎడమ చెంప మీది మచ్చ మాత్రం పోలేదు.

"మీరు పెట్టిన దిష్టిచుక్కేమో పిన్నిగారూ!" అంది ముబీనా. కాకినాడలో పాత యంత్రాలు బాగుచేసే ఈ షాపు ఆమెది. కూతురితో మాట్లాడాక వరహాలమ్మ రోజూ తెర మూల కాటుక చుక్క పెడుతుందని ఆమెకు తెలుసు.

"నా చుక్క ఎప్పుడో తుడిచేశానే. ఇది దాని చెంప మీదుంది. పోయింది తెరేనా, పిల్లకే ఏమైనా అయిందా?"

"చూశావా ముబీనక్కా, ఏం కాదులే అన్న మాట మా అమ్మ నోట రాదు," అంది మాలిని. ఆమె ఉద్యోగం సముద్రం మధ్య గాలిమరల కేంద్రంలో.

ఊళ్ళో అందరి కళ్ళలోనూ ఇప్పుడు లెన్సుల్లాంటి కంటిపొరలే. ఎదుటి మనిషినైనా, అద్దంలో తమనైనా ఆ పొర గీసి చూపించినట్టే చూస్తారు. దాన్ని నడిపే ప్రోగ్రాము చిత్రసారథి. ఈమధ్య వచ్చిన కొత్త సారథి మొటిమలనూ ముడతలనూ తనే చెరిపేస్తోంది. జనానికి అది తెగ నచ్చింది. చూపు పోతుందన్న భయంతో వరహాలమ్మ పొర పెట్టించుకోలేదు. ఆమె ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించేది ఏమీ చెరపని పాత సారథే.

ముబీనా ఇంకో తెర తగిలించింది. "ఇప్పుడండీ?"

"ఉంది."

పాత సారథిని తీసేసి మళ్ళీ ఎక్కించింది. చిప్పు వేడెక్కుతోందేమోనని ఫ్యాన్లో దుమ్ము దులిపింది.

"అక్కడే ఉందే తల్లీ!"

"నాకు మచ్చే కనబడట్లేదండీ. మాలినీ, తల అటు తిప్పమ్మా."

"మొహంతో పాటే తిరిగింది," అంది వరహాలమ్మ.

ముబీనా చేతులు ఆగాయి. యంత్రంలో లోపమైతే మచ్చ తెర మీద ఒకేచోట ఉండిపోవాలి. ఆమె తన కంటిపొరలు తీసింది. నీళ్ళు కారుతున్న కళ్ళతో తెరకేసి వంగింది.

"ఉందండీ," అంది మెల్లిగా. "అంచులు ఎర్రగా ఉన్నాయి."

"పొద్దున అద్దంలో చూసుకున్నానమ్మా, ఏమీ లేదు," అంది మాలిని. "ఇక్కడెవరూ ఏమీ అనలేదు కూడా."

"వాళ్ళ కళ్ళకీ అవే పొరలు కదే!"

"నొప్పయినా ఉండాలిగా?"

"గిల్లుకో. ఎడమ చెంప."

మాలిని నవ్వుతూ గిల్లుకుంది. ఇంకాస్త గట్టిగా గిల్లుకుంది. నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, గిల్లుతుంటే తెలియట్లేదు."

వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, మానేసింది. కూతురు తనవైపే చూస్తోంది.

"ఏం కాదులే," అంది. "డాక్టరుగారి దగ్గరికి నడు. ఆయన్ని కంటిపొర తీసి చూడమను."

బల్ల కింద ఆమె చెయ్యి ముబీనా చేతిని గట్టిగా పట్టుకునే ఉంది.