పుట్టమన్ను

హిందీవాళ్ల ఊరు బారిడీహ్‌లో మా కంపెనీ క్వార్టర్ వెనక గోడకు ఆనుకుని ఒక పుట్ట ఉండేది. మా అత్త వరహాలమ్మ ఏటా నాగుల చవితికి అందులో పాలు పోసి, కోడిగుడ్లు, నువ్వుల చిమ్మిలి వేసి, తడి పుట్టమన్ను తీసి ఇంట్లో అందరి చెవులకూ రాసేది. ఆ తర్వాత వారం రోజులు కుళ్లిన గుడ్ల కంపు, విరిగిన పాల మీద ఈగలు. నాకు అన్నం సయించేది కాదు.

పాముకు పాలు పోసి పెంచినట్టు అంటారే, మా ఇంట్లో అది సామెత కాదు. అందులో తాచు ఉంది. రెండుసార్లు మా బాత్రూంలోకి కూడా వచ్చింది.

"దాని దారిన అది పోతాది, నీ దారిన నువ్వుండు" అనేది అత్త.

అలాగే ఉన్నాను, నాకు పాప పుట్టేదాకా. మూడు నెలల పిల్లను పక్కలో వేసుకుని, బాత్రూం తలుపుకేసి చూస్తూ ఎన్నాళ్లని కూర్చోను?

చవితికి పది రోజుల ముందు అత్త మాంగో అనే పేటలో ఉన్న కూతురింటికి వెళ్లింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మేస్త్రీని పిలిచి పుట్టలో సిమెంటు పోయించాను. సగంలో అతను చెయ్యి ఆపాడు.

"భాభీ, అందర్ హై."

లోపలుందంటున్నాడు. అది కదలడం నేనూ విన్నాను. పోయమన్నాను.

మర్నాటి నుంచి ఆ కంపు ఇంట్లోకి వచ్చింది. ఫినాయిల్‌తో కడిగాను, అగరొత్తులు వెలిగించాను. పోలేదు. పొద్దున కాచిన పాలు మధ్యాహ్నానికి తీగలు సాగేవి. పాప నా రొమ్ము నోటికి తగలగానే ముఖం తిప్పేసేది. డబ్బా పాలు పట్టినా కక్కేసేది. పిల్ల చిక్కిపోతోంది. ఒకరోజు నా జాకెట్టు వాసన చూసుకున్నాను... అదే కంపు. నా మీద నాకే రోత పుట్టింది.

చవితి నాడు పొద్దున్నే తిరిగొచ్చిన అత్త పాలచెంబుతో పెరట్లోకి వెళ్లింది. గట్టిపడ్డ సిమెంటు చూసింది. పాలు అలాగే వెనక్కి తెచ్చేసింది. మధ్యాహ్నం ఉయ్యాల దగ్గర నుంచి పిలిచింది.

"ఓలమ్మీ... పిల్ల చెవులకి నువ్వే రాసినావా?"

పాప రెండు చెవులకూ తడి పుట్టమన్ను. గుడ్డు సొన కలిసి జిగటగా ఉంది.

నేను రాయలేదు. అత్తా రాయలేదు. తలుపులు గడియ పెట్టే ఉన్నాయి.

"తుడిసీయే..." అని గొణిగింది.

తడిగుడ్డతో తుడిచాను. మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాను. వేలికి ఒక నువ్వుగింజ అంటుకుంది.

పాప ఏడవడం లేదు. పది రోజుల తర్వాత మొదటిసారి, కడుపు నిండినట్టు హాయిగా నిద్రపోతోంది.

మన్ను చెవి లోపలి నుంచి వస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా... కొంచెం కొంచెం.