అంచులో కుక్క

పిన్ని ఫ్రేము వెనక మేకులు ఒక్కొక్కటే పీకి గిన్నెలో వేసింది. అట్ట తీసింది. అట్ట కింద ఉన్న కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పరిచింది.

"చూడవే," అంది.

రబ్బరు చూసింది. బడిలో ఆ పిల్లని అందరూ అలాగే పిలుస్తారు. గీత కాస్త వంకర పోతే చాలు, చెరిపి మళ్ళీ గీస్తుంది. జేబులో రబ్బరు లేకుండా ఇల్లు కదలదు. ఆ పొద్దున కూడా అదే గొడవ. సైన్సు నోట్సులో తను వేసిన పువ్వుకి తమ్ముడు రెండు కాళ్ళు పెట్టాడు. తను వాటిని చెరిపేసింది. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. అమ్మ ఇద్దర్నీ తిట్టి, వాణ్ణి ఇంట్లో ఉంచి, రబ్బరుని పిన్ని షాపుకి పంపింది.

పిన్నిది పాత కామిక్స్ షాపు. సెలవు రోజుల్లో రబ్బరుకి అక్కడ రెండు పనులు. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, పాత పుస్తకాల అట్టల మీద టార్చిలైటు పక్కనుంచి వేసి చూడాలి. పైనుంచి వేస్తే ఏమీ తెలియదు. పక్కనుంచి వేస్తే ప్రతి ముడతా నీడతో లేస్తుంది. రెండో పని, అట్ట మీద ఎవరైనా పెన్సిలుతో పేరో, ధరో రాసి ఉంటే మెత్తటి రబ్బరుతో తుడవాలి.

"పుస్తకం ఎంత శుభ్రంగా ఉంటే అంత విలువ," అంటుంది పిన్ని.

ఇవాళ బల్ల మీద ఉన్నది పుస్తకం కాదు. కామిక్ అచ్చు కాకముందు ఆర్టిస్టు చేత్తో గీసిన అసలు పేజీ.

"ఇంత పెద్దదా!"

"పెద్దగా గీస్తారు. అచ్చులో తగ్గిస్తారు."

తుఫానులో ఓడ. చక్రం పట్టుకుని కెప్టెన్. ఆమె జుట్టు వెనక్కి ఎగురుతోంది. ఈ కథ రబ్బరుకి కంఠతా వచ్చు. అయినా ఈ పేజీని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. అల మొదలైన చోట ఇంకు చిక్కగా ఉంది. అల విరిగిన చోట కుంచె ఎండిపోయి గీత చీలింది. చెయ్యి ఎటునుంచి ఎటు వెళ్ళిందో తెలిసిపోతోంది.

"పిన్నీ, ఈ నీలం గీతలేంటి?"

"ముందు లేత నీలం పెన్సిలుతో వేసుకుంటారు. దాని మీద ఇంకు దిద్దుతారు. అచ్చు కెమెరాకి లేత నీలం కనపడదు."

"ముక్కు మీద ఈ తెలుపు?"

"ముక్కు కుదర్లేదు. తెల్లరంగు పూసి మళ్ళీ గీశారు. మళ్ళీ కుదర్లేదు. మళ్ళీ పూశారు."

రబ్బరు ఊపిరి బిగబట్టి వంగింది. పుస్తకంలో ఆ ముక్కు పుట్టుకతోనే అలా ఉన్నట్టుంటుంది.

"ఆయన కూడా తప్పులు చేశారా?"

"చెయ్యకుండా ఎవరు గీస్తారే?"

ఫోను మోగింది. లోపల మాట సరిగ్గా వినపడదని పిన్ని వీధిలోకి వెళ్ళింది.

రబ్బరు పేజీ చుట్టూ తిరిగింది. ఇన్నాళ్ళూ ఫ్రేము కింద దాగిన అంచులు ఇప్పుడు బయటపడ్డాయి. కుడివైపు కింది మూలలో పెన్సిలు గీతలున్నాయి. బంగాళాదుంపలాంటి సున్నా, దాని పక్కన ఇంకో చిన్న సున్నా. వాటికి అటూ ఇటూ పుల్లలు.

'ఎవరో చిన్నపిల్లలు పాడుచేశారు,' అనుకుంది.

మెత్తటి రబ్బరు తీసింది. పిన్ని నేర్పినట్టే ఒకే వైపుకి, నెమ్మదిగా తుడిచింది. సున్నాలు పోయాయి. పుల్లలు పోయాయి. అంచు తెల్లబడింది. పొట్టు ఊదేసి, పిన్ని కోసం ఎదురుచూసింది.

పిన్ని పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఎవరు వస్తున్నారో తెలుసా? ఈ బొమ్మ గీసినాయన కూతురు! నేను నెట్‌లో పెట్టిన ఫోటో చూశారట. ఆ రోజుల్లో బొమ్మలన్నీ ప్రెస్సువాళ్ళే ఉంచేసుకునేవాళ్ళు. వాళ్ళ నాన్న గీసింది ఒక్కటి కూడా వాళ్ళింట్లో లేదట. కానీ ఆవిడ బొమ్మ గురించి అడగదే! మూలలో పెన్సిలు గీతలున్నాయా, ఉన్నాయా అని ఒకటే అడగడం. ఫ్రేము ఇప్పుడే విప్పాను, అంచులు ఇంకా చూడలేదు, మీరే వచ్చి చూసుకోండి అన్నాను."

రబ్బరు తన గౌనుకి అంటిన పొట్టుని వేళ్ళతో ఏరి జేబులో దాచింది.

కూతురు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాన్న బల్ల దగ్గర కూర్చుంటే నేను ఆయన చంకలో దూరేదాన్ని. గియ్యనివ్వు నాన్నా అని ఒకటే గోల. అచ్చులో అంచులు రావు, ఆ చోటంతా నీదే అనేవాడు. కెప్టెన్ పాపం ఒక్కతే ఉందని కుక్కని ఇచ్చాను."

కళ్ళజోడు పెట్టుకుని మూలకి వంగింది. తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"లేదు," అంది. "నాలుగేళ్ళదాన్ని. గీశాననుకున్నానేమో. పోనీలెండి."

ఎవరూ రబ్బరు వైపు చూడటం లేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ ఈ ఆంటీ ఇంటికి వెళ్ళి, ఆ కుక్క అసలు లేనే లేదనుకుంటుంది.

"ఉంది," అంది రబ్బరు. "ఇందాకటి దాకా ఉంది. నేనే చెరిపేశాను."

"ఏంటీ?" అంది పిన్ని. "అడక్కుండానా?"

"శుభ్రంగా ఉంటే విలువని..."

"అది పుస్తకాలకే! వేలల్లో అచ్చవుతాయవి. ఇది ఒక్కటే. దీని మీద ఏ చెయ్యి పడినా..." పిన్ని ఆగిపోయింది. "నేనూ చెప్పలేదు నీకు."

డ్రైవరు ఆంటీ కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. చూపుడువేలితో బల్ల అంచుని రాస్తూ కూర్చుంది.

"నొక్కి నొక్కి గీసేదాన్ని," అంది చివరికి. "బల్లకి కూడా గాట్లు పెడుతున్నావే మొద్దూ, అని నవ్వేవాడు."

రబ్బరు తలెత్తింది. టార్చి కోసం పరిగెత్తింది.

"పిన్నీ, లైటార్పు! కర్టెన్ వెయ్యి!"

గది చీకటైంది. రబ్బరు టార్చిని బల్లకి ఆనించి, పేజీ పక్కనుంచి వెలిగించింది. కాగితం మీద వెలుగు పాకింది. అంచులో ఒక నీడ లేచింది. సున్నా. సున్నా పక్కన చిన్న సున్నా, దానికి రెండు చెవులు. తర్వాత కాళ్ళు. పెన్సిలు పోయింది గానీ, నాలుగేళ్ళ పిల్ల నొక్కిన చోటల్లా కాగితంలో లోతు మిగిలింది.

ముగ్గురి తలలూ ఒకదానికొకటి తగిలాయి. ఎవరూ వెనక్కి జరగలేదు.

"ఐదు కాళ్ళున్నాయి ఆంటీ," అంది రబ్బరు గుసగుసగా.

"ఒకటి తోకమ్మా. ఏదో నాకూ తెలీదు." నవ్వుతూనే ఆమె కళ్ళజోడు తీసేసింది.

"పెన్సిలు ఇస్తాను. మళ్ళీ దిద్దుతారా?"

"ఆ చెయ్యి ఇప్పుడు నాకెక్కడిది పాపా?"

"ఈ పేజీ మీకే ఇచ్చేస్తాను," అంది పిన్ని. "కొత్త ఫ్రేము కడతాను. ఈసారి అంచులు కూడా కనపడాలి."

సాయంత్రం రబ్బరు టార్చి అడిగి తీసుకుని ఇంటికి వచ్చింది. తమ్ముడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రబ్బరు సైన్సు నోట్సు తెరిచింది. పువ్వు పక్కనుంచి లైటు వేసింది.

"ఒరేయ్ బుడంకాయ్, ఇలా రా."

"రాను."

"కాళ్ళు కనపడుతున్నాయిరా."

వాడు దుప్పట్లోంచి తన కాళ్ళు చూసుకున్నాడు.

"నీవి కాదు. పువ్వువి."

వాడు దిగి వచ్చాడు. లైటు ముందు తల దూర్చాడు. పువ్వు కింద రెండు గాట్లు, వాటి చివర పాదాలు.

"అవి నేను పెట్టినవే!"

"పువ్వుకి కాళ్ళెందుకురా?"

"ఎండ ఎటుంటే అటు వెళ్ళడానికి."

సోమవారం ఈ నోట్సు టీచరుకి చూపించాలి. రబ్బరు ఒక క్షణం ఆలోచించి పెన్సిలు వాడి చేతిలో పెట్టింది.

"గాట్ల మీదే దిద్దు. నేను లైటు పట్టుకుంటా."

వాడు మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, పెన్సిలుని పిడికిట్లో పట్టుకున్నాడు.

"అంత నొక్కకు..." అనబోయి ఆగింది రబ్బరు.

"నొక్కరా," అంది. "బాగా నొక్కు."