లైసెన్స్ ఉన్న ఇల్లు

లైన్‌మన్ ఇబ్రహీం శవం పొద్దున తొమ్మిదికి టెలిఫోన్ స్తంభం మీదే దొరికింది. మెదక్ నుంచి చేగుంట పోయే రోడ్డు అది. నడుముకున్న తోలు బెల్టు అతన్ని కింద పడనివ్వలేదు. గొంతు చుట్టూ రాగితీగ ఎముకదాకా దిగింది. భార్య షాజహాన్ బీ కట్టిచ్చిన రొట్టెల మూట సంచిలో ఇంకా గోరువెచ్చగానే ఉంది.

పదకొండింటికి డాక్ బంగళాలో ఇంటెలిజెన్స్ చీఫ్ మదన్ మోహన్ ఏజెంట్ అమరేందర్‌కు సంగతి చెప్పాడు. 1971 డిసెంబర్. సరిహద్దులో యుద్ధం.

"శత్రువుల దగ్గర ఒక పెట్టె ఉంది. ట్రంక్ లైన్‌కు తగిలిస్తే ఎక్స్చేంజ్‌కు తెలియకుండా కాల్ పోతుంది. ఎవరి పేరుతోనైనా."

"టార్గెట్?"

"మిలిటరీ స్పెషల్ రైలు. ఆరువందల మంది జవాన్లు. ఒంటిగంట నలభైకి చేగుంట వైపు స్టేషన్‌కు రైల్వే కంట్రోల్ పేరుతో దొంగ ఆర్డర్ పోతుంది, గూడ్సును ఎదురుగా వదలమని. ఉన్నది ఒకటే లైను."

"స్టేషన్ మాస్టర్‌కు చెప్పలేమా?"

"ఫోన్ చేస్తే ఏది అసలో ఏది దొంగో అతనికెట్ల తెలుస్తది? జీపు పంపిన. దారిలోనే కాల్చేసిండ్రు. ఇద్దరు పోయిండ్రు."

పెట్టెను రేడియోలో బిగించారు. అది చర్చి వెనక గల్లీలో ఎక్కడో ఉంది. ముఠా లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరన్నది ఆ మనిషి కబుర్లు మోసుకొచ్చే ఇబ్రహీంకే తెలుసు. ఇక మిగిలింది కోడ్. రేడియో స్టేషన్ గురించి అడిగినట్టే 'సిలోన్ వస్తదా?' అని అడగాలి. 'పొద్దుగాల పాడుతది, మాపటికి గొణుగుతది' అని జవాబు రావాలి.

పన్నెండున్నరకు రేడియో లైసెన్స్ ఇన్‌స్పెక్టర్ ఒకడు గల్లీలోకి వచ్చాడు. అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్స్ పుస్తకం తీసుకోవాలి. ఖాకీ కోటు, కళ్లద్దాలు, చంకలో రిజిస్టర్. రిజిస్టర్ అట్టలో ఉక్కు రేకు ఉంది. రబ్బరు స్టాంపు పిడిలో నాలుగంగుళాల కత్తి ఉంది.

మొదటి ఇల్లు తాజ్ బీది. లోపల పాట వస్తోంది.

"రేడియో ఉందా అమ్మా?"

"మా ఇంట్ల యాడిది సార్."

"మరి పాట?"

"పక్కింటోళ్లది."

పాట బియ్యం డబ్బాలోంచి వస్తోంది.

పక్కింట్లో జ్ఞానమ్మ దుప్పటి కప్పిన చదరపు ఆకారాన్ని జోకొడుతోంది. "మనుమడు సార్. జరమొచ్చింది. జర మెల్లగ మాట్లాడుండ్రి."

"మనుమనికి ఏరియల్ ఎందుకమ్మా?"

"దవాఖానోళ్లు పెట్టిండ్రు."

పది ఇళ్లలోనూ ఇదే తంతు. పదకొండో ఇంటికి చేరేసరికి ఒకటిన్నర. నెల కింద కిరాయికి దిగిన రిచర్డ్ ఉంటాడక్కడ. బైబిళ్లు అమ్ముతానని చెప్పుకుంటాడు. ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్న అమరేందర్ నోరు తెరవకముందే లైసెన్స్ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ ఏడాదికి కట్టిన స్టాంపు కూడా ఉంది.

ఇదే ఆ ఇల్లని అమరేందర్‌కు తెలిసిపోయింది. లైసెన్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఎదురొచ్చి పుస్తకం చూపించే మనిషి మెదక్‌లో ఇంకా పుట్టలేదు. ఆ సంగతి రిచర్డ్‌కు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పినట్టు లేదు.

కుర్చీలో నల్ల జార్జెట్ చీర, ఎర్ర పెదాలు. "మా ఆవిడ, ఎలిశిబా," అన్నాడు రిచర్డ్.

"సిలోన్ వస్తదా?"

"బాగా వస్తుంది సార్." జవాబు రిచర్డ్‌దే. ఆమె గోళ్లు చూసుకుంటోంది.

తలుపు వెనకనుంచి రోకలి దిగింది. అమరేందర్ ఎడమ భుజం పుల్లలా విరిగింది. పడుతూనే అతను స్టాంపు పిడి లాగి, రోకలి పట్టిన వస్తాదు మెడలో దించాడు. నెత్తురు సున్నపు గోడ మీద చిమ్మింది. వస్తాదు రెండుసార్లు కాళ్లు కొట్టుకుని ఆగిపోయాడు. రిచర్డ్ పిస్తోలు పేలింది. మొదటి గుండు రిజిస్టర్‌లో ఇరుక్కుంది. రెండోది తొడలో దిగింది.

ఇంకో మనిషి లేక రిచర్డ్ పిస్తోలును ఎలిశిబాకు ఇచ్చాడు. "కదిలితే కాల్చు." రేడియో వెనక పలక తీసి, లోపలి రిసీవర్ అందుకున్నాడు.

"మీ చట్టం చదివాను ఇన్‌స్పెక్టర్. లైసెన్స్ లేకుండా ఇలాంటి పెట్టె ఉంచుకుంటే మూడేళ్లు. ఆరువందల మందికి మూడేళ్లు. చవకే."

ఒంటిగంట ముప్ఫై తొమ్మిది. పిస్తోలు గొట్టం అమరేందర్ కణతకు తగులుతోంది.

"హలో, స్టేషన్ మాస్టర్? కంట్రోల్ నుంచి. ఆ గూడ్సును..."

"పొద్దుగాల పాడుతది," అంది ఎలిశిబా. "మాపటికి గొణుగుతది."

పిస్తోలు పేలింది. రిసీవర్‌తోపాటు రిచర్డ్ మూడు వేళ్లు గోడకు తగిలి పడ్డాయి. రెండో గుండుకు పెట్టెలోని వాల్వులు పగిలి పొగలేచింది. మూడోది అతని మోకాలి చిప్పను పగలగొట్టింది.

"జవాబు ఇయ్యడానికి ఇంతసేపా?" నేల మీదనుంచే అడిగాడు అమరేందర్.

"పిస్తోలు వాని చేతిల ఉండె. వారం సంది నాకు కూరగాయల కత్తి గూడ ఇయ్యలె."

మోకాలు పట్టుకుని దొర్లుతూనే రిచర్డ్ నవ్వబోయాడు. "మూడేళ్లే."

"పెట్టెకు మూడేళ్లే," అన్నాడు అమరేందర్. "ఇబ్రహీంను చంపినందుకు ఉరి."

రెండింటికి చేగుంట నుంచి కబురొచ్చింది. స్పెషల్ క్షేమంగా దాటిపోయింది.

మర్నాడు భుజానికీ తొడకూ కట్లతో జీపులో హైదరాబాదు పోతూ అమరేందర్ పోస్టాఫీసు ముందు పెద్ద వరుస చూశాడు. బియ్యపు గింజలు అంటిన రేడియోతో తాజ్ బీ, దుప్పట్లో చుట్టిన మనుమడితో జ్ఞానమ్మ ముందే నిలబడ్డారు.

"గాయినకు పుస్తకముండె," తాజ్ బీ చెబుతోంది. "అయినా వేళ్లు పోయినయి. మనకు గదిగూడ లేకపాయె అక్కా."