గేటు స్తంభం మీద గీత

తెల్లవారేసరికి ముందుగదిలో మళ్లీ నీళ్లు నిలిచాయి. మేస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చీపురుతో వాటిని గడప వైపు తోస్తున్నాడు. తోసినవి తోసినట్టే వెనక్కి వస్తున్నాయి. ముప్పయ్యేళ్ల కిందట తన చేతులతో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నారు. ఇల్లు కుంగలేదు. ఊరు అభివృద్ధి చెందింది.

ఈ మాట ఆయన రోజుకు నాలుగుసార్లయినా అంటాడు. వినేవాళ్లు దొరక్కపోతే కాగితం మీద రాసి నగరపాలక ఆఫీసుకు పంపుతాడు. పదిహేనేళ్లుగా ఆయన రాసిన అర్జీలన్నీ ఆ ఆఫీసులో ఏదో బీరువా అడుగున హాయిగా నిద్రపోతున్నాయి.

"ఏమండీ, చీపురు అరగడమే గానీ ఆ నీళ్లు పోవు. టీ చల్లారిపోతోంది," భార్య వంటింటి గడప మీద నిలబడి అంది.

"పోవాలంటే కాలువ ఉండాలి. సందుకు కొత్త కాలువ వేస్తున్నారంటే పిచ్చివాడిలా సంబరపడ్డాను. నెల్లాళ్లు రోడ్డంతా తవ్వారు. చివరికి నీళ్లు బయటికి పోవడానికి వేసిన కాలువలోంచే నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి. ఇంత తెలివి ఏ చదువు చదివితే వస్తుందో."

చివరి మాట లోపలి గదికి వినబడేలా అన్నాడు. అక్కడ కూతురు బూట్లు చేత్తో పట్టుకుని, పొడిగా ఉన్న చోటు కోసం చూస్తోంది. ఆ నగరపాలక ఆఫీసులోనే ఆమె ఇంజనీరు. ఉద్యోగం వచ్చిన రోజున మేస్త్రీ సందంతా తిరిగి చెప్పుకొచ్చాడు. ఇప్పుడు అదే సందులో జనం ఆయన్ని ఆపి, "మీ అమ్మాయి అక్కడే ఉండి కూడా ఇలాగేనా?" అని అడుగుతుంటే తల కొట్టేసినట్టుంటోంది.

"అమ్మాయ్, నిన్నే అడిగేది. ఈ కాలువకి లెవల్ తీసిన మహానుభావుడెవరు?"

"ఆఫీసన్నాక చాలామంది ఉంటారు నాన్నా."

"చాలామంది కలిసి లెవల్ తీయరు. ఒకళ్లే తీస్తారు. సర్లే, ఇవాళ పదకొండింటికి వార్డు హాల్లో అభిప్రాయాలు చెప్పమన్నారుగా. అక్కడే అడుగుతాను."

కూతురు తలెత్తింది. "ఇవాళ వెళ్లకు నాన్నా. వచ్చే నెల ఇంకో సభ ఉంది, అప్పుడు చెప్పు."

"వచ్చే నెల్లోపు ఇంకో నాలుగు వానలు పడతాయి. ఏం, మీ పెద్ద ఇంజనీరు మొహం మాడిపోతుందనా?"

"అది కాదండీ..." అంటూ భార్య ఏదో చెప్పబోయింది. కూతురు ఆమె వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. మేస్త్రీ అది చూశాడు గానీ, కోపంలో ఉన్నాడేమో, పట్టించుకోలేదు.

కూతురు పాదాలు ముంచుకుంటూ గేటు దాకా వెళ్లి ఒక్క క్షణం ఆగింది. స్తంభం మీద వేలెడు పొడవున చెక్కిన గీత ఉంది. దాన్ని ఒకసారి తడిమి వెళ్లిపోయింది.

ఆ గీత వల్లే ఆయనకి ఊళ్లో గీతల మేస్త్రీ అని పేరు వచ్చింది. సందు చివర నీళ్ల ట్యాంకు దిమ్మకి ఆఫీసువాళ్లు కొట్టిన ఇనుప గుర్తు ఒకటుంది. పదిహేనేళ్ల కిందట నీళ్లు నింపిన లెవల్ ట్యూబు పట్టుకుని, అక్కణ్ణుంచి ఇంటింటికీ మట్టం మోసుకొచ్చి, సందు మొగలో ఉన్న తన గేటు స్తంభం మీద ఆయనీ గీత చెక్కాడు. ట్యూబు రెండో కొస పట్టుకున్నది అప్పుడు స్కూలు గౌనులో ఉన్న కూతురే. ఆ తరవాత ఈ చుట్టుపక్కల ఎవరు పునాది తీసినా వచ్చి ఆ గీతను చూసుకునే పని మొదలుపెట్టేవారు. మోకాళ్లు అరిగి పరంజా ఎక్కడం మానేశాక కూడా, ఎవరైనా గేటు ముందు నిలబడి గీత కేసి చూస్తుంటే ఆయనకి ఆ పూట అన్నం సహించేది.

వార్డు హాలు గోడకి ఊరి మ్యాపు వేలాడుతోంది. రాబోయే ఇరవయ్యేళ్లలో ఊరు ఎలా ఉండబోతోందో అందులో రంగులేసి చూపించారు. ఆకుపచ్చ రంగు ఎక్కువగా పడింది. వేదిక మీద పెద్ద ఇంజనీరు, వెనక వరసలో ఆయన కింద పనిచేసేవాళ్లు కూర్చున్నారు. మేస్త్రీ పక్కింటి దర్జీని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. దర్జీ కుట్టుమిషను మోటారు నీళ్లలో తడిసి మూడు రోజులుగా మూలుగుతోంది. ఆయనా మంచి కోపం మీదే ఉన్నాడు.

వంతు రాగానే మేస్త్రీ లేచాడు.

"నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. నలభయ్యేళ్లు తాపీ పట్టాను. ఊరు పెరగొద్దని నేననను, పెరగబట్టే నాకు పని దొరికింది. కానీ ఊరు పెరగడమంటే రోడ్డు ఎత్తు పెరగడం కాదు కదా. పాత పొర గీకి కొత్త పొర వెయ్యమని ఎన్ని అర్జీలు రాశానో నాకే గుర్తులేదు. గీకితే ఫోటో బాగా రాదు, వేస్తే వస్తుంది. అందుకని వేస్తారు. కూడలిలో ఫౌంటెన్ పెట్టారు. వాన పడితే మా సందులో ప్రతి ఇంట్లోనూ ఫౌంటెనే."

జనం నవ్వారు. మేస్త్రీకి ఊపు వచ్చింది.

"పల్లపు స్థలాలన్నీ మట్టి పోసి మెరక చేసి ఆరేసి అంతస్తులు లేపారు. అక్కడ నిలిచే నీళ్లు ఎక్కడికి పోవాలో ఆ మ్యాపుకి రంగులేసినవాళ్లు చెప్పాలి. ఇక మా కాలువ. కొత్త కాలువ, కొత్త సిమెంటు, అంతా కొత్తే. కానీ మొగ దగ్గర కాలువ అడుగుభాగం ఎత్తుగా వచ్చింది. నీళ్లు మెట్లెక్కలేవండీ, వాటికి కాళ్లు లేవు. ఆ లెవల్ తీసిందెవరో పేరు చెప్పండి. ఇక ముందు వాళ్ల చేతికి ఏ పనీ ఇవ్వకండి."

చప్పట్లు మోగాయి. పెద్ద ఇంజనీరు కాగితాలు తిరగేసి వెనక్కి తిరిగాడు. చప్పట్లు ఆగకముందే వెనక వరసలో కూతురు లేచి నిలబడింది.

"ఆ కాలువకి లెవల్ తీసింది నేనే," అంది.

మేస్త్రీ అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కానీ చెవుల్లో చప్పట్లు ఇంకా మోగుతున్నాయి, దర్జీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

"నీకు ట్యూబు పట్టుకోవడం నేర్పింది నేను. నేర్పినందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను," అన్నాడు.

కూతురు మొహం పాలిపోయింది. "తప్పు జరిగింది. సరిచేస్తాం," అని మాత్రం అని కూర్చుంది. సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వమనీ, అది తేలేదాకా బయటి పనులకి వెళ్లొద్దనీ పెద్ద ఇంజనీరు అందరి ముందే చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో దర్జీ ఆగాడు.

"నా మిషను పాడైంది, నాకూ కడుపు మండుతోంది మేస్త్రీగారూ. కానీ ఆ చివరి మాట మీరు అనకుండా ఉండాల్సింది."

"తప్పుని తప్పనకపోతే ఏమనాలి? పదండి, ట్యూబు తీస్తాను. ఎంత తప్పిందో అంగుళాలతో సహా చూద్దురుగాని."

ముందు తన గీత ఎంత నికార్సుగా ఉందో దర్జీకి చూపించి, ఆ తరవాత అక్కణ్ణుంచి కాలువ సంగతి తేలుద్దామని ఆయన పట్టుదల. ట్యాంకు దిమ్మ దగ్గర మొదలుపెట్టి, ఇంటింటి గోడ మీదా పెన్సిల్ గుర్తు పెట్టుకుంటూ, ఇద్దరూ నీళ్లలో ఈదులాడుతూ సందు మొగకి వచ్చారు. మేస్త్రీ ట్యూబు కొసని గేటు స్తంభానికి ఆనించాడు. లోపల నీళ్లు కాసేపు ఊగి నిలబడ్డాయి.

గీతకి మూడంగుళాలు కింద నిలబడ్డాయి.

ట్యూబులో గాలి బుడగ ఉందేమో చూశాడు. లేదు. మళ్లీ ట్యాంకు దాకా వెళ్లి మొదటినుంచీ వచ్చారు. మళ్లీ మూడంగుళాలే.

"మీ గీత పైకుందేంటి మేస్త్రీగారూ?" దర్జీ అమాయకంగా అడిగాడు.

మేస్త్రీకి అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట స్తంభం పెచ్చులూడుతుంటే కొత్తగా ప్లాస్టరు వేశాడు. వేసేముందు పాత గీతని కొలుచుకున్నాడు, రోడ్డు మీంచి సరిగ్గా గజం ఎత్తు. ప్లాస్టరు ఆరాక అదే కొలతతో మళ్లీ చెక్కుదామనుకునేలోగా జ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం పట్టాడు. లేచాక రోడ్డు మీద టేపు పెట్టి, గజం కొలిచి, గీత చెక్కాడు. ఆ ఇరవై రోజుల్లోనే ఆఫీసువాళ్లు రోడ్డు మీద మూడంగుళాల పొర ఇంకోటి వేసి వెళ్లారు. ఆ మూడంగుళాల మీద ఆయనే మూడు పేజీల అర్జీ కూడా రాశాడు. రోడ్డు లేచిందని ఊరంతా చాటినవాడు, తన టేపు కింద లేచిన రోడ్డుని మాత్రం మరిచిపోయాడు.

దర్జీ వెళ్లిపోయాక కూడా ట్యూబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. భార్య బయటికి వచ్చింది.

"తెలిసిందా?" అంది మెల్లగా.

"నీకు ముందే తెలుసా?"

"పది రోజుల కిందట మీరు కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మాయి కూడా ఇలాగే కొలిచింది. పని రెండు వైపుల నుంచీ మొదలుపెట్టించిందట. లోపలి వైపు ట్యాంకు గుర్తు నుంచి, ఈ వైపు మీ గీత నుంచి. ఈ వైపంతా మూడంగుళాలు లేచిందని కొలిచాక తెలిసింది. ఆ మెట్టు మీద కూర్చుని ఒకటే ఏడుపు."

"మరి నాకెందుకు చెప్పలేదు? పొద్దున నేనంత వాగుతుంటే..."

"చెప్పబోతే వద్దంది కదా. మోకాళ్లు పోయాయి, పని పోయింది, నాన్నకి మిగిలింది ఆ గీత ఒక్కటేనమ్మా, దాన్ని నేనెలా చెరపను అంది. మాట ఆఫీసులోనే సర్దుకుంటానంది. మీరు సభకెక్కి మరీ అడుగుతారని అప్పుడు దానికేం తెలుసు?"

మేస్త్రీ నీళ్లలోనే మెట్టు మీద చతికిలబడ్డాడు. నేర్పినందుకు సిగ్గుపడుతున్నానన్న మాట తిరిగి తిరిగి ఆయన చెవిలోనే పడుతోంది. నలభయ్యేళ్ల పనిలో ఎన్నడూ ఏడవని మనిషి భుజాలు కదిలేలా ఏడ్చాడు. భార్య పక్కనే నిలబడి ఆయన చేతిలోంచి ట్యూబు తీసుకుంది.

తడిసిన ప్యాంటుతోనే ఆఫీసుకు వెళ్లాడు. కూతురు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. తండ్రిని చూసి లేచింది. ఆయన కాగితం తీసుకుని కొత్త కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. స్థలంలో ఉన్న పాత గుర్తు ఒకదాన్ని సరిచూసుకోకుండా వాడడం వల్ల పొరపాటు జరిగిందనీ, పూర్తి బాధ్యత తనదేననీ రాసి ఉంది.

"గుర్తు ఎవరిదో రాయలేదేం తల్లీ?"

కూతురు కలానికి మూత పెట్టింది.

"ట్యూబు పట్టి చూశాను. మీ అమ్మ అంతా చెప్పింది."

"ఎవరిదైతే ఏంటి నాన్నా. రెండో చోట సరిచూసుకోకుండా పని మొదలుపెట్టొద్దని నువ్వే వందసార్లు చెప్పావు. ఊళ్లో ఏ గుర్తయినా రెండుసార్లు చూస్తాను. ఇది నీ గీత కదా అని చూడలేదు."

మేస్త్రీ బల్ల మీద తెల్ల కాగితం ఒకటి లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లలో తన మీద తాను రాసుకున్న మొదటి అర్జీ అది. గీత తనదనీ, తప్పుగా చెక్కింది తనేననీ, సభలో తన కూతుర్ని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాననీ రాసి, దాన్ని వచ్చే సభలో చదివి వినిపించాలని కింద కోరాడు.

పెద్ద ఇంజనీరు రెండు కాగితాలూ చదివాడు. "మీ నిజాయితీ బావుంది. కానీ ఎవరి గీతైనా సరిచూసుకోవాల్సింది ఇంజనీరే కదండీ. సంజాయిషీ ఫైల్లో ఉంటుంది," అని, కూతురి వైపు తిరిగి, "సోమవారం నుంచి మొగ దగ్గర కాలువ తవ్వించండి. దగ్గరుండి చూసుకోండి," అన్నాడు.

"పనిలో పనిగా ఆ రోడ్డు కూడా గీకించండి సార్," అన్నాడు మేస్త్రీ. పెద్ద ఇంజనీరు ఫైలు మూసి పక్కన పెట్టాడు. ఈ నోటి అర్జీ కూడా బీరువాలోకి పోతుందని మేస్త్రీకి తెలుసు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మేస్త్రీ దర్జీని పిలిచాడు, గోడల మీంచి తొంగిచూస్తున్నవాళ్లనీ పిలిచాడు. తప్పు అమ్మాయిది కాదు, నా గీతది అని గేటు ముందు నిలబడి పెద్ద గొంతుతో చెప్పాడు. తరవాత ఉలీ సుత్తీ తెచ్చి కూతురి చేతికిచ్చాడు.

"పాతది చెరిపెయ్. సరైన చోట నువ్వే చెక్కు."

కూతురు తలొంచుకుని, ట్యాంకు నుంచి తెచ్చిన పెన్సిల్ గుర్తు మీద ఉలి ఆనించింది. సుత్తి ఎత్తబోతుంటే తండ్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ట్యాంకు నుంచి ఒక్కటే చూశాం. స్కూలు గోడ మీద కూడా ఆఫీసువాళ్ల గుర్తుందిగా. అక్కణ్ణుంచి ఇంకోసారి పట్టుకొద్దాం."

"ఇందాక నువ్వు రెండుసార్లు చూశావట కదా నాన్నా. ఇంకా నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది తల్లీ. కొలిచినవాడి మీదే లేదు."

కూతురు నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఉలి ఆయన చేతిలో పెట్టి, చున్నీతో మొహం తుడుచుకుని, ట్యూబు కొస పట్టుకుని స్కూలు వైపు నడిచింది. మేస్త్రీ వంగి, తన కొసని స్తంభానికి ఆనించి, కూతురు ఎప్పుడు సరేనంటుందా అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.