దండకు అభ్యంతరం

మాచర్ల స్టేషన్లో రైలు దిగేసరికే ఇన్నయ్యకు పెళ్ళి కుదిరిపోయి ఉంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది అతనొక్కడికే.

చెప్పినవాడు జట్కా సుభానీ. ఇన్నయ్య చేతిలోని ట్రంకుపెట్టె లాక్కుని బండిలో పెడుతూ కళ్ళెగరేశాడు.

"ఏందల్లుడూ, పెళ్ళికొడుకువై ఉండి ఒంటరిగా దిగావు?"

"పెళ్ళికొడుకేంది మామా! నేను సన్మానానికొచ్చా. మన మిషను హైస్కూలు పెట్టి పాతికేళ్ళయింది గదా. పైకొచ్చిన పాత స్టూడెంట్లకీ, స్కూలుకి సాయం చేసిన పెద్దలకీ రేపు దండలేస్తన్నారు."

"దానికీ దీనికీ ఏందడ్డం? సన్మానం సన్మానమే, పెళ్ళి పెళ్ళే. పోయిన ఆదివారం గుళ్ళో తెల్లసామి నీ పేరూ, ఆనందరావు మాస్టారి కూతురు లూర్దమ్మ పేరూ కలిపి చదివాడంట. మా ఇంట్లో అబిదా చెప్పింది. మేం గుడికి రాకపోయినా మా చెవులొస్తయ్‌లే."

ఇన్నయ్య బండెక్కి పెట్టె పక్కన కూర్చున్నాడు.

కతోలిక గుళ్ళో పెళ్ళి కావాలంటే ముందు మూడు ఆదివారాలు, పూజ అయ్యాక, అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ తండ్రుల పేర్లతో సహా స్వామి చదవాలి. చివర "అభ్యంతరమున్నవారు నాకు తెలియజేయవలెను" అనాలి. దాన్ని చాటింపు అంటారు. చాటింపు పడిందంటే పెళ్ళి సగం అయినట్టే. పడి ఆగిపోయిందంటే ఆ పిల్లకు ఇంకో సంబంధం రావడం కల్ల.

జట్కా కదిలింది. ఇన్నయ్య బుర్ర మాత్రం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది.

లూర్దమ్మ! ఆనందరావు మాస్టారింట్లో లెక్కల ట్యూషనుకు కూర్చుంటే, తలుపు వెనక నిలబడి తన తప్పులకు కిసుక్కున నవ్విన లూర్దమ్మ! మాస్టారు పలక మీద చూసి, "ఒరేయ్, నీకు లెక్కలు రావు, పోయి గొడ్లు కాసుకో" అనేవారు. గురువు మాట జవదాటకూడదని ఇన్నయ్య మద్రాసు వెళ్ళి పశువుల డాక్టరీ చదివాడు. ఇప్పుడు ఆదోనిలో సర్కారు వారి గొడ్ల ఆసుపత్రి అతనిదే.

సెలవుకు వచ్చినప్పుడల్లా పిల్లనడుగుదామని మాస్టారి గుమ్మం దాకా వెళ్ళేవాడు. తీరా లోపలికెళ్ళాక గొంతు పెగిలేది కాదు. "మీ గేదె కులాసానా మాస్టారూ?" అని అడిగి, దాని నాలుకా కళ్ళూ చూసి వచ్చేసేవాడు. అంత వైద్యం జరిగిన గేదె పల్నాడు మొత్తానికి ఇంకోటి లేదు.

మరి సంబంధం అడిగిందెవరు? అమ్మ అయి ఉంటుంది. ఇంకెవరు? పిచ్చి అమ్మ, చెప్పకుండానే కడుపులో మాట కనిపెట్టేసింది!

పిచ్చి అమ్మ, అంటే ఆదెమ్మ, చేతిలో గరిటెతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రా నాయనా, రా! కన్నతల్లికి చెప్పకుండా సామికి చెప్పుకునేంత మగాడివయ్యావు."

"నేనా? నేనేం చెప్పలేదే! నువ్వడిగావనుకున్నా."

"నేనడగలా, నువ్వు చెప్పలా. మరి సామికేమన్నా కలొచ్చిందా? పిల్ల బంగారంరా, నాకేం అడ్డు లేదు. కానీ గుళ్ళో అందరూ నా మొహంలోకి చూస్తంటే, నాకు ముందే తెలిసినట్టు నవ్వలేక చచ్చా."

ఇన్నయ్య మంచం మీద కూలబడి ఆలోచించాడు. తను అడగలేదు, అమ్మ అడగలేదు. అంటే మాస్టారి వైపు నుంచే వచ్చిందన్నమాట. అంటే లూర్దమ్మ ఒప్పుకున్నదన్నమాట! అతనికి ఒళ్ళు తేలిపోయింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, మబ్బు పట్టిన ఆకాశం వంక చూడనైనా చూడకుండా స్కూలుకు నడిచాడు.

స్కూలు ఆవరణలో పందిరి వేస్తున్నారు. చిన్న తరగతులకు చదువు చెప్పే లూర్దమ్మ బెంచీ ఎక్కి రంగుకాగితాలు కడుతోంది. ఇన్నయ్యను చూసి ఆమె చెయ్యి ఆగింది.

"డాక్టరు గారొచ్చారా?" అంది.

చిన్నప్పటి నుంచీ 'నువ్వు' అనే పిల్ల 'గారు' అన్నదంటే గాలి మారినట్టే. ఇన్నయ్య ఆ సంబరంలో అది పట్టించుకోలేదు.

"వచ్చా లూర్దూ," అన్నాడు చెవుల దాకా నవ్వుతూ.

"మీకు నోరుందా?"

"ఉంది..."

"మరి దాంతో నన్నొక్క మాట అడిగితే అరిగిపోద్దా? అంతమందిలో సామి చేత చదివిస్తారా? నేను మోకాళ్ళ మీదున్నా. లేవాల్నో కూచోవాల్నో తెలవలా. సారమ్మ పిన్నయితే నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఇంటికొచ్చి మా నాయన్నడిగితే ఉలుకూ పలుకూ లేదు, కళ్ళజోడు తుడుచుకుంటన్నాడు. ఇన్నేళ్ళూ మా గేదెను పలకరించారు గానీ, నన్ను పలకరించారా?"

ఆ తిట్ల అడుగున తీపి ఉంది. "తప్పయిపోయింది" అంటే చాలు, కథ అక్కడికి సుఖాంతం. కానీ ఇన్నయ్యకు అన్ని విషయాల్లోనూ నోరు ఆలస్యంగా వస్తుంది, నిజం చెప్పడానికి మాత్రం ముందే వస్తుంది.

"నేను చదివించలా లూర్దూ. మీవాళ్ళే చదివించారనుకున్నా."

లూర్దమ్మ మొహం పాలిపోయింది. చేతిలో రంగుకాగితం కింద పడింది.

"మీరు అడగలేదా?"

"లేదు. అంటే, నేననేదేందంటే..."

"అర్థమైంది లెండి. మీకు తెలవకుండా నన్నెవరో మీకు అంటగట్టారు. పాపం, ఆదోని నించి ఇంత దూరం వచ్చారు." బెంచీ దిగి పైట సర్దుకుంది. "మీకెందుకు శ్రమ? అభ్యంతరముంటే చెప్పమన్నాడు గదా సామి. పోయి నేనే చెప్తా."

విసవిసా నడిచింది. ఇన్నయ్యకు అప్పుడు తట్టింది. స్వామి చెవిన అభ్యంతరం పడిందంటే ఇక అంతే, లూర్దమ్మ దక్కదు. ఆమెకంటే ముందు తను చేరాలి. చేరి ఏం చెప్పాలో తెలియదు, అయినా చేరాలి. వెనకాలే పరిగెత్తాడు. సగం దారిలో వాన అందుకుంది. ఇద్దరూ ఒకేసారి తడిసి ముద్దయి స్వామి బంగళా వరండా ఎక్కారు.

సీమ నుంచి తెల్లస్వామి పల్నాడు వచ్చింది మొన్న ఈస్టరుకే. తెలుగు ఒక ముసలి పండితుడి దగ్గర నేర్చుకోవడంతో ఆయన నోట పుస్తకం మాట్లాడినట్టుంటుంది.

"ఏమి నాయనా, ఏమి తల్లీ, ఇరువురును ఇట్లు పరుగిడి వచ్చితిరి?"

"అభ్యంతరం ఉంది స్వామీ," అంది లూర్దమ్మ ఎగరొప్పుతూ.

"దేనికి?"

"పోయిన ఆదివారం మీరు చదివినదానికి."

స్వామి మొహం చిన్నబోయింది. "దండకు అభ్యంతరమా? నేను మిక్కిలి ముచ్చటపడితినే!"

"ఏం దండ?" అన్నాడు ఇన్నయ్య.

"సన్మానపు దండ నాయనా! పెద్దలకు పెద్దలు వేయుదురు. నీవు యువకుడవు. కావున గురుపుత్రిక వేసిన బాగుండునని మా కమిటీవారు చెప్పిరి. అదియే చదివితిని. ఫలానావారి కుమారుడు ఇన్నయ్యకు, ఆనందరావుగారి కుమార్తె లూర్దమ్మ దండ వేయును అని."

లూర్దమ్మ వరండా స్తంభానికి ఆనుకుంది.

"తండ్రుల పేర్లెందుకు చదివారు స్వామీ?" అంది లూర్దమ్మ నీరసంగా.

"గుడిలో పేర్లు అట్లే చదువవలెను గదా? అంతకుముందే రెండు పెండ్లి చాటింపులు చదివి యుంటిని. ఆ ఊపున ఇదియును చదివితిని."

"మరి అభ్యంతరముంటే చెప్పమన్నారే?"

"అది అలవాటున వచ్చినది," అని స్వామి ఒప్పుకున్నాడు. "తరువాత గోపాలకృష్ణయ్యగారికి హెడ్మాస్టరు వేయుదురు, మునసబుగారికి నేను వేయుదును అని కూడ చదివితినే! ఎవరును వినలేదా?"

ఎవరు వింటారు? ఈడొచ్చిన పిల్ల ఈడొచ్చిన కుర్రాడి మెడలో దండ వేసేది ఆ ఊళ్ళో ఒక్క పెళ్ళిరోజే. మొదటి పేర్లు పడగానే ఆడవాళ్ళ వైపు తిరునాళ్ళ మొదలైంది. ఆ సందట్లో మునసబు ఎవరికి కావాలి?

సంగతి తెలిసి స్వామి నెత్తి కొట్టుకున్నాడు. "రేపు సభలో నా పొరపాటును నేనే చెప్పెదను. దండ హెడ్మాస్టరే వేయుదురు" అని ప్రార్థన వేళయిందని లోపలికి వెళ్ళిపోయాడు.

వరండాలో ఇద్దరే మిగిలారు. వాన ఇద్దరినీ కదలనివ్వలేదు. లూర్దమ్మ తడి జడ పిండుకుంటూ చూరు నీళ్ళ వంక చూస్తోంది.

"ఒట్టి దండకి, మిమ్మల్ని అన్నేసి మాటలన్నా," అంది. సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది.

ఇప్పుడు చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అని ఇన్నయ్య తనను తాను తిట్టుకున్నాడు. కానీ ఆమెకు తన మీద నిజంగా ఇష్టముందా, లేక చాటింపు పడిందని సర్దుకుందా? ఏమీ తోచలేదు. గొంతు సవరించుకున్నాడు.

"నువ్వేం దిగులుపడబాక. రేపు సామి తప్పని చెప్తాడు గదా. అంతా సర్దుకుంటది."

ఆమె అతని వంక చూసిన చూపు అతనికి చాలాకాలం గుర్తుండిపోయింది.

"సర్దుకుంటది," అంది. "మా గేదె కులాసానే. పోయేముందు ఓసారి చూసి పొండి."

అంత వానలోనూ దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పందిరి కింద ఊరు ఊరంతా కూర్చుంది. వేదిక మీద మూడు కుర్చీలు. మొదటి దాంట్లో గోపాలకృష్ణయ్య గారు. ఆయన కతోలికుడు కాడు, ఆ బళ్ళో చదివినవాడూ కాడు. బడి ఉన్న చోటు ఒకప్పుడు ఆయన జొన్నచేను. రెండో దాంట్లో మునసబు గారు, ఈ బళ్ళో చదివినవాడే. మూడో దాంట్లో ముళ్ళ మీద కూర్చున్నట్టు ఇన్నయ్య.

రెండు దండలు పడ్డాయి. చప్పట్లు మోగాయి. మూడో దండ ఇత్తడి పళ్ళెంలో ఉంది. అప్పుడు స్వామి లేచాడు.

"ప్రియులారా, గత ఆదివారమున నా వలన ఒక పొరపాటు జరిగినది..."

టీచర్ల వరసలో లూర్దమ్మ తల వంచుకుంది. ఇన్నయ్య ఆ వంచిన తలనే చూశాడు. ఇంకొక్క మాట స్వామి నోటి నుంచి వచ్చిందంటే ఆమె చాటింపు తప్పిన పిల్ల అవుతుంది. తను మళ్ళీ రైలెక్కి ఆదోని ఎద్దుల మధ్యకు పోతాడు. వచ్చే సెలవుకు ఆ ఇంట్లో గేదె తప్ప తనను పలకరించేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

"స్వామీ, నాకు అభ్యంతరం ఉంది," అన్నాడు లేచి.

"దేనికి నాయనా?"

"పొరపాటనడానికి."

పందిరిలో తలలన్నీ వేదిక వైపు తిరిగాయి. మొదలుపెట్టాడు గనక ఇన్నయ్య ఇక ఆపదలుచుకోలేదు.

"మీరు గుళ్ళో చదివింది నేను ఇన్నేళ్ళుగా మనసులో చదువుకుంటన్నదే. పైకి అనడానికి నోరు రాలా. లూర్దూ, నీకు చానా కోపముంది, ఉండాల్సిందే. ఇప్పుడడుగుతన్నా. నన్ను చేసుకుంటావా? కాదంటే ఈ దండ హెడ్మాస్టరు గారి చేత వేయించుకుని ఈ సాయంత్రమే రైలెక్కుతా."

లూర్దమ్మ తల ఎత్తింది. లేవలేదు.

మొదటి కుర్చీలో గోపాలకృష్ణయ్య గారు మెడలో దండ సర్దుకున్నారు. "ఏదో ఒకటి చెప్పమ్మా. నేను పొలమిచ్చింది చదువు కోసం, ఇది కూడా పండుద్దని అనుకోలా. త్వరగా చెప్పు, చీమలు కుడుతున్నయ్."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే లూర్దమ్మ లేచి వచ్చింది. పళ్ళెంలో దండ తీసుకుని ఇన్నయ్య ఎదురుగా నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద విసుగు.

"మా గేదెనడిగినన్నిసార్లు నన్నడగాల్సింది," అంది అతనికి మాత్రమే వినబడేలా.

"ఇకనించి రోజూ అడుగుతా."

"ఏమని?"

"కులాసానా అని."

"తల వంచు. ఇంత ఎత్తున్నావు, చెయ్యి అందడం లా."

మళ్ళీ 'నువ్వు' వచ్చేసింది. ఇన్నయ్య ఆనందంగా తల వంచాడు. దండ పడింది. సుభానీ పందిరి బయట జట్కా మీద నిలబడి ఈల వేశాడు.

ఆదెమ్మ వేదిక దగ్గరికి తోసుకొచ్చింది. "సామీ, ఒక చాటింపయింది గదా, ఇంక రెండేగా?"

"లేదు తల్లీ, అది దండ మాత్రమే. మరల మూడు చదువవలెను."

"ఊరంతా చాటింపనే అనుకున్నాక చాటింపు కాకేంది సామీ!" అని ఆదెమ్మ బేరానికి దిగింది. స్వామి మూడు దగ్గరే నిలబడ్డాడు.

ముందు బల్ల మీద ఆనందరావు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఇన్నయ్య వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు, చిన్నప్పుడు పలక పట్టుకుని నిలబడ్డట్టే.

"కమిటీలో నేనూ ఉన్నానురా," అన్నారు మాస్టారు తల ఎత్తకుండా. "దండ లూర్దు చేత వేయించమన్నది నేనే. గుళ్ళో జనం ఏమనుకున్నారో నాకు ఆదివారమే తెలుసు."

"మరి చెప్పలేదేం మాస్టారూ?"

"ఎందుకు చెప్పాలి? నీ అంతట నువ్వడిగేలోగా మా గేదె ముసల్దయిపోయేట్టుంది. మధ్యలో నువ్వు రైలెక్కి పోతావేమోనని నిన్న రాత్రి మాత్రం నాకు కునుకు పట్టలా." కళ్ళజోడు పెట్టుకుని శిష్యుణ్ణి తేరిపార చూశారు. "చేసిన తీరు తప్పైనా జవాబు సరిగ్గా వచ్చిందిరా. మార్కులు వేశాను పో."

లెక్కల్లో ఆయన చేత మార్కులు వేయించుకోవడం ఇన్నయ్యకు అదే మొదలు. తడిసిన కళ్ళు దాచుకోవడానికి, తుడుచుకుంటూ కూర్చునేందుకు అతనికి కళ్ళజోడు కూడా లేకపోయింది.

ఆ తర్వాతి ఆదివారం పూజ అయ్యాక స్వామి చాటింపు చదివాడు. ఈసారి దండ ఊసు లేకుండా, ఒక్కో మాటా పట్టి పట్టి చదివాడు. "అభ్యంతరమున్నవారు..." అని ఆగి, కళ్ళజోడు మీదుగా చూశాడు. మగవాళ్ళంతా ఇన్నయ్య వైపు తిరిగారు. ఆడవాళ్ళంతా లూర్దమ్మ వైపు తిరిగారు. ఊళ్ళో అభ్యంతరాలు చెప్పే అలవాటున్నది వాళ్ళిద్దరికే మరి.

లూర్దమ్మ ముసుగు ముందుకు లాక్కుని నవ్వాపుకోలేక భుజాలు కదిలించింది. సారమ్మ పిన్ని ఆమె వీపు మీద మళ్ళీ ఒక్కటి చరిచింది. స్వామి ఇంకాసేపు ఆగి చూశాడు. ఎవరూ లేవలేదు.