చెరిగిన మాస్టర్ టేపు

టేపు తిరుగుతోంది. స్పీకర్లలో ఉస్సుమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

సాంబశివరావు కుర్చీలో కూలబడ్డాడు. 1971లో సింగపూర్ బెడోక్ పేటలోని తన స్టూడియోకి పేరు తెచ్చిన, అమెరికన్ సోల్ బాణీ పాట అందులో ఉండాలి. పెద్ద కంపెనీలు మొహం చాటేస్తే సొంతంగా రికార్డు చేసి అమ్మిన పాట. ఆనాటి రికార్డులన్నీ అరిగిపోయాయి. మిగిలింది ఈ మాస్టర్ టేపే.

ఇది 2000 సంవత్సరం. డాట్‌కామ్ జ్వరంలో ఉన్న ఒక కంపెనీ రేపు స్టూడియోని కొనబోతోంది. ఈ పాట లేకపోతే కొనదు.

ఇన్‌స్పెక్టర్ నళిని వచ్చేసరికే ఆయన దొంగని తేల్చేశాడు.

"ఈ దీపక్ పనేనమ్మా. కంప్యూటర్లోకి ఎక్కించుకుని అసలుది చెరిపేశాడు."

పాత టేపులని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఆ కంపెనీ పంపిన ఇంజనీర్ దీపక్. కేసైతే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. తను బయట గదిలో ఫోన్లో ఉన్నానని, ఆ టేపు ఇంకా ముట్టుకోనే లేదని మొత్తుకున్నాడు.

"చివరిసారి ఎప్పుడు విన్నారు అంకుల్?" నళిని సాంబశివరావుని అడిగింది.

"పొద్దున్నే. పన్నెండుకి మకాన్‌కి, అదే భోజనానికి, కిందికి దిగాను. ఒంటిగంటకి వచ్చి పెడితే ఇదీ సంగతి."

అప్పుడు పైన ఉన్నది దీపక్, సూర్యకుమారి. ఆవిడ ఈ స్టూడియోలోనే పాడి, టేపులూ సర్దిన పాతకాలపు కోరస్ సింగర్. స్టూడియోని చివరిసారి చూసుకుందామని వచ్చి, ఒక మూల కూర్చుని ఉంది.

దీపక్ పని పూర్తిచేసిన టేపుల పెట్టెలన్నీ నళిని తెరిచి చూసింది. తర్వాత సాంబశివరావుని అడిగింది.

"ఒంటిగంటకి మీ టేపు పెట్టెలోంచి తీసినప్పుడు, పైకి టేపు మొదలుందా, చివరుందా?"

"చివరే. వెనక్కి తిప్పి వేశాను. టేపు పాడవకుండా మేం ఎప్పుడూ అలాగే..."

నళిని దీపక్ పెట్టెలు చూపించింది.

"దీపక్‌ది క్యాసెట్ల అలవాటు. ఇవన్నీ మొదటికి తిప్పి పెట్టాడు. మీ టేపుని చెరిపినవాళ్ళు మాత్రం మీ స్టూడియో పాత పద్ధతిలో, చివర పైకి ఉండేలా పెట్టారు. మీకు అలవాటైన సంగతి కాబట్టి తేడా కనిపించలేదు."

అందరూ సూర్యకుమారి వైపు తిరిగారు. ఆవిడ తల దించలేదు.

"నేనే చెరిపాను. ఆ గొంతు నాది. రికార్డు కవరు మీద పేరు, ఫొటో రావుగారి భార్యవి. ఇరవైతొమ్మిదేళ్ళు ఆవిణ్ణి మెచ్చుకుంటుంటే పక్కన నిలబడి నవ్వాను. ఇప్పుడైనా పేరు మార్చమని పొద్దున ఆయన్ని అడిగాను. కంపెనీ వేసే సీడీకి కొత్త కవరు ప్రింటైపోయిందన్నారు."

సాంబశివరావు ఆవిడ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"సూర్యా, గొంతు ఇంకా నీ దగ్గరే ఉంది కదా. ఒక్కసారి పాడు. నీ పేరే వేయిస్తాను. లేకపోతే రేపు నా పని అయిపోతుంది."

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నళినితో కలిసి గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగింది.

"కవరు మీద ఉన్నావిణ్ణి పాడమనండి."